ప్రారంభ నియమం ఉన్న అవకలన సమీకరణాలు: సి విలువ సరిగ్గానే వచ్చినా జవాబు ఎందుకు తప్పుతోంది?

కొత్తచిగురు
ప్రవేశ పరీక్ష కోసం అవకలన సమీకరణాల అధ్యాయం చదువుతున్నాను. సాధారణ సాధన వరకు ఇబ్బంది లేదు. ప్రారంభ నియమం ఇచ్చి, ఫలానా చోట వై విలువ ఎంత అని అడిగే లెక్కల్లోనే సందేహాలు వస్తున్నాయి. ఉదాహరణకు ఇది చూడండి.

వై · వై′ = ఎక్స్, వై(0) = −2 అయితే వై(√5) = ?

చలరాశులను వేరు చేసి సమాకలనం చేస్తే వై² = ఎక్స్² + సి (సి అంటే సమాకలన స్థిరరాశి). నియమం ప్రకారం సి = 4. ఎక్స్ = √5 దగ్గర వై² = 9. ఆప్షన్లలో 3, −3 రెండూ ఉన్నాయి. జవాబు −3 అని ఇచ్చారు. 3 ఎందుకు కాకూడదు?

(తెలుగు మీటలతోనే రాస్తున్నాను. వై′ అంటే ఎక్స్ దృష్ట్యా వై అవకలజం. ఇ^ఎక్స్ అంటే ఘాతీయ ప్రమేయం. లాగ్ అంటే సహజ సంవర్గమానం.)

వాలురేఖ
సాధన −2 దగ్గర మొదలైంది. అది 3కు చేరాలంటే మధ్యలో ఎక్కడో సున్నాను దాటాలి, ఎందుకంటే సాధన అవిచ్ఛిన్న ప్రమేయం. కానీ వై² = ఎక్స్² + 4 కాబట్టి వై² ఎప్పుడూ 4 కంటే తగ్గదు. సున్నాను దాటే దారే లేదు. అందుకని వై = −√(ఎక్స్² + 4) మాత్రమే సాధన, వై(√5) = −3.

గీసి చూడండి. వై² − ఎక్స్² = 4 ఒక అతిపరావలయం. దానికి పైన ఒక శాఖ, కింద ఒక శాఖ. నియమం మీకు కింది శాఖను ఇచ్చింది. వై(0) = 2 అని ఇచ్చినా సి = 4 అనే వస్తుంది, గమనించారా? అంటే సి విలువ ఒక్కటే సాధనను నిర్ణయించలేదు. వర్గమూలం తీసే చోట మళ్లీ ప్రారంభ బిందువు దగ్గరికి వెళ్లి గుర్తు చూసుకోవాలి.

పాతపలక
వాలురేఖ గారు చెప్పింది ఈ అధ్యాయానికే కీలకం. చాలామంది విద్యార్థులు నియమాన్ని లెక్క చివర్లో సి కనుక్కోవడానికి ఇచ్చిన అంకెగా చూస్తారు. నేను మాత్రం నియమాన్ని మొదటి గీతలోనే వాడమంటాను. ఎక్కడి నుంచి బయలుదేరుతున్నామో తెలిస్తే ఏ శాఖ మీద ఉన్నామో, దేనితో భాగించవచ్చో, ఎంత దూరం వెళ్లవచ్చో తెలుస్తుంది.

భాగించడం గురించి ఒక చిన్న లెక్క:

వై′ = (వై − 1) కాస్ ఎక్స్, వై(0) = 1 అయితే వై(π/2) = ?

చూడగానే (వై − 1)తో భాగించి లాగ్ |వై − 1| = సైన్ ఎక్స్ + సి అని రాస్తారు. నియమం పెడితే లాగ్ 0 వస్తుంది, లెక్క అక్కడే ఆగిపోతుంది. కానీ నియమాన్ని ముందే సమీకరణంలో పెట్టి చూడండి. వై = 1 అయితే కుడివైపు సున్నా, కాబట్టి వాలు సున్నా. వై ఎప్పటికీ 1గానే ఉండే స్థిర ప్రమేయం సమీకరణాన్నీ నియమాన్నీ రెండింటినీ తృప్తిపరుస్తుంది. జవాబు 1. సమాకలనం అవసరమే లేదు.

సున్నాఒకటి
మాస్టారూ, ఒక సందేహం. వై − 1 = ఏ · ఇ^(సైన్ ఎక్స్) అని రాసుకుంటే ఏ = 0 అని వచ్చేస్తుంది కదా? అప్పుడు ఇబ్బంది ఏముంది?

పాతపలక
జవాబు వస్తుంది, నిజమే. అయితే ఆ ఏ ఎలా వచ్చిందో చూడండి. లాగ్ తీసేసినప్పుడు ఏ = ±ఇ^సి. అది ఎప్పుడూ సున్నా కాదు. మనం భాగించేటప్పుడే వై = 1 అనే సాధనను పక్కన పెట్టేశాం, తర్వాత ఏ = 0 అని దాన్ని తిరిగి చేర్చుకుంటున్నాం. ఈ లెక్కలో అదృష్టవశాత్తూ ఒకే సూత్రంలో ఇమిడింది. ప్రతిసారీ ఇమడదు. వై′ = వై² తీసుకోండి. సాధారణ సాధన వై = −1/(ఎక్స్ + సి). ఇందులో సి ఎంత పెట్టినా వై = 0 రాదు, కానీ వై = 0 కూడా సాధనే. నియమం వై(0) = 0 అయితే ఆ సూత్రంతో ఎప్పటికీ జవాబు దొరకదు.

మెట్లదారి
వై′ = వై² ప్రస్తావన వచ్చింది కాబట్టి నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి చెబుతాను. సి రాయడమే మానేయండి. రెండు వైపులా నిశ్చిత సమాకలనం చేయండి: ప్రారంభ బిందువు నుంచి మనకు కావలసిన బిందువు వరకు. వై(0) = 1 అనుకుందాం. ఎడమవైపు 1/వై²ను 1 నుంచి వై వరకు, కుడివైపు 1ని 0 నుంచి ఎక్స్ వరకు. వెంటనే 1 − 1/వై = ఎక్స్. అంటే వై = 1/(1 − ఎక్స్).

పరీక్షలో ఒకటి రెండు గీతలు తగ్గడమే కాదు, సి కనుక్కునే చోట దొర్లే చిన్నచిన్న గుర్తుల తప్పులు కూడా పోతాయి.

సున్నాఒకటి
నాకు అభ్యంతరం ఉంది. సాధారణ సాధన రాయడం అలవాటు కాని వాళ్లు నేరుగా అవధులు పెట్టి సమాకలనం చేస్తే, వక్రాల కుటుంబం అనే ఆలోచనే పోతుంది. లంబచ్ఛేద వక్రాల (కుటుంబంలోని ప్రతి వక్రాన్నీ లంబంగా ఖండించే వక్రాల) లాంటి ప్రశ్నల్లో సి ఉండాల్సిందే. ముందు సి పద్ధతి పక్కాగా రావాలి, తర్వాతే ఇది.

మెట్లదారి
ఒప్పుకుంటాను. కుటుంబం అడిగితే సి కావాలి. ఒక్క వక్రం అడిగితే అక్కర్లేదు. ప్రశ్న ఏది అడుగుతోందో చూసి పద్ధతి ఎంచుకోవడమే నేను చెప్పేది.

కొత్తచిగురు
పైన వచ్చిన లెక్కనే ఒక అభ్యాస పత్రంలో చూశాను. వై′ = వై², వై(0) = 1, వై(2) ఎంత అని అడిగారు. వై = 1/(1 − ఎక్స్)లో 2 పెడితే −1 వస్తుంది. అక్కడ జవాబు కూడా −1 అనే ఉంది. సరైనదేనా?

వాలురేఖ
కాదు. ఎక్స్ 1కి దగ్గరవుతున్నకొద్దీ వై అనంతానికి పోతుంది. 0 దగ్గర మొదలైన సాధన 1 దాకానే ఉంటుంది. ఆ తర్వాత ఆ సాధన లేదు. ఎక్స్ > 1 దగ్గర కనిపించే 1/(1 − ఎక్స్) అదే సమీకరణానికి వేరొక సాధన, దానికి మన నియమంతో సంబంధం లేదు.

సున్నాఒకటి
కానీ ఆప్షన్లలో "నిర్వచితం కాదు" అనేది లేకపోతే పిల్లలు ఏం చేయాలి? −1 పెట్టడం తప్ప దారి లేదు.

పాతపలక
పరీక్ష గదిలో ఆ పరిస్థితి వస్తే ప్రశ్న తయారు చేసినవారు ఏం ఆశించారో ఊహించి పెట్టక తప్పదు. కానీ నేర్చుకునేటప్పుడు −1ను సరైన జవాబుగా మనసులో ముద్రించుకోకూడదు. జాగ్రత్తగా తయారు చేసిన ప్రశ్నపత్రాల్లో ఇదే విషయాన్ని తిప్పి అడుగుతారు: సాధన ఉండే అతిపెద్ద అంతరం ఏది? జవాబు (−∞, 1).

ఇక్కడ మెట్లదారి గారి పద్ధతికి ఉన్న మరో మేలు కనిపిస్తుంది. వై విలువ 1 నుంచి −1కి వెళ్లాలంటే 1/వై²ను 1 నుంచి −1 వరకు సమాకలనం చేయాలి. ఆ దారిలో వై = 0 ఉంది. అక్కడ 1/వై² అపరిమితం, ఆ సమాకలని అభిసరించదు. అవధులు రాసిన క్షణంలోనే ప్రమాదం కంటికి కనిపిస్తుంది. సి పద్ధతిలో ఆ హెచ్చరిక రాదు.

ఆకుపచ్చసిరా
రేఖీయ సమీకరణాల్లో కూడా ఇలాంటి చిక్కులు ఉంటాయా? సమాకలన గుణకం (ఎడమవైపును ఒక లబ్ధపు అవకలజంగా మార్చే ప్రమేయం) కనుక్కుని గుణించేస్తే ఆడుతూ పాడుతూ అయిపోతుంది కదా అనుకుంటున్నాను.

మెట్లదారి
చాలావరకు అంతే. ఎక్స్ వై′ + 2వై = ఎక్స్², వై(1) = 1 తీసుకోండి. ముందు ఎక్స్‌తో భాగించి వై′ గుణకాన్ని 1 చేయాలి. ఇది మరచిపోయి సమాకలన గుణకం ఇ^(2ఎక్స్) అని రాసేవాళ్లు చాలామంది. భాగించాక సమాకలన గుణకం ఎక్స్². అప్పుడు ఎక్స్² వై = ఎక్స్⁴/4 + సి, సి = 3/4. వై(2) = (4 + 3/4)/4 = 19/16.

పాతపలక
చిక్కు ఎక్కడ వస్తుందంటే, నియమం ఎక్స్ = 0 దగ్గర ఇచ్చినప్పుడు. ఇదే సమీకరణానికి వై(0) = 1 ఇచ్చారనుకోండి. సమాకలనం మొదలుపెట్టకముందే ఎక్స్ = 0 పెట్టి చూడండి: 0 + 2·1 = 0. అసాధ్యం. అలాంటి సాధన లేదు. వై(0) = 0 ఇస్తే సి = 0 అయి వై = ఎక్స్²/4 వస్తుంది. మిగతా సాధనలన్నీ సున్నా దగ్గర అనంతానికి పోయేవే. వై′ గుణకం సున్నా అయ్యే చోట ఎప్పుడూ ఒక్క క్షణం ఆగండి. ఎక్స్ > 0లో ఇచ్చిన నియమంతో ఎక్స్ < 0లో విలువ అడిగితే, మధ్యలో ఉన్న ఆ సున్నాను దాటే హక్కు మీకు ఉందో లేదో చూసుకోండి.

కొత్తచిగురు
నియమమే ఇవ్వకుండా విలువ అడిగే లెక్కలు కూడా చూశాను. ఎఫ్(ఎక్స్) = ఎక్స్² + ∫ ఎఫ్(టి) డీటి, అవధులు 0 నుంచి ఎక్స్ వరకు. ఎఫ్(1) కావాలట. ఇందులో సి ఎలా పోతుంది?

వాలురేఖ
నియమం ఉంది, దాగి ఉంది. ఎక్స్ = 0 పెడితే సమాకలని సున్నా అవుతుంది, కాబట్టి ఎఫ్(0) = 0. అవకలనం చేస్తే ఎఫ్′ = 2ఎక్స్ + ఎఫ్. ఇది రేఖీయ సమీకరణం. సాధన ఎఫ్(ఎక్స్) = 2ఇ^ఎక్స్ − 2ఎక్స్ − 2. ఎఫ్(1) = 2ఇ − 4.

సమాకలని గుర్తు కనిపిస్తే రెండు అవధులూ సమానమయ్యే చోటు వెతకండి. కింది అవధి 1 అయితే ఎక్స్ = 1 పెట్టాలి. ఉదాహరణకు టి · ఎఫ్(టి)ని 1 నుంచి ఎక్స్ వరకు సమాకలనం చేస్తే ఎక్స్² ఎఫ్(ఎక్స్) − 3 వస్తుందని ఇచ్చారనుకోండి. ఎక్స్ = 1 దగ్గర ఎడమవైపు సున్నా, ఎఫ్(1) = 3. అవకలనం చేసి సరళం చేస్తే ఎక్స్ ఎఫ్′ = −ఎఫ్. సాధన ఎఫ్ = 3/ఎక్స్.

ఒక జాగ్రత్త: అవకలనం చేయగానే ఆ నియమం కనుమరుగవుతుంది. అందుకే అవకలనానికి ముందే దాన్ని రాసి పెట్టుకోవాలి.

ఆకుపచ్చసిరా
వై = వి · ఎక్స్ అని ప్రతిక్షేపించే సమఘాత సమీకరణాల్లో నియమాన్ని చివరిదాకా ఉంచాలా, మధ్యలో వాడాలా?

మెట్లదారి
ప్రతిక్షేపించిన వెంటనే నియమాన్ని కూడా మార్చేయండి. వై′ = (ఎక్స్ + వై)/ఎక్స్, వై(1) = 1. వై = వి ఎక్స్ పెడితే ఎక్స్ వి′ = 1. నియమం వి(1) = 1 అవుతుంది. కాబట్టి వి = 1 + లాగ్ ఎక్స్, వై = ఎక్స్ + ఎక్స్ లాగ్ ఎక్స్. వై(ఇ) = 2ఇ.

బెర్నౌలీ రకం సమీకరణాలకూ (రేఖీయ సమీకరణం కుడివైపు వై ఘాతం కూడా చేరినవి) ఇదే అలవాటు పనికొస్తుంది. జాకబ్ బెర్నౌలీ 1695లో ఈ రకాన్ని ముందుకు తెస్తే, మరుసటి ఏడాదే లైబ్నిట్జ్ ప్రతిక్షేపణతో దాన్ని రేఖీయ సమీకరణంగా మార్చి చూపాడు. ఇప్పటికీ మనం చేసేది అదే. వై′ = వై − వై², వై(0) = 1/2. వి = 1/వై అంటే వి′ = 1 − వి, వి(0) = 2. వి = 1 + ఇ^(−ఎక్స్). అందుకని వై = 1/(1 + ఇ^(−ఎక్స్)). వై(లాగ్ 3) = 3/4.

పాతపలక
ఈ చివరి సమీకరణంలో ఎక్స్ అనంతానికి పోతే వై అవధి ఎంత అని మాత్రమే అడిగితే సమాకలనమే అక్కర్లేదు. కుడివైపు వై(1 − వై). వై = 0, వై = 1 రెండూ స్థిర సాధనలు. మన సాధన 1/2 దగ్గర మొదలైంది. రెండు సాధనలు ఒకే బిందువులో కలుసుకోలేవు కాబట్టి అది 0కూ 1కీ మధ్యనే ఉండిపోతుంది. ఆ మధ్యలో వాలు ధనాత్మకం, అందుకని పెరుగుతూ 1ని సమీపిస్తుంది. వై(0) = 2 అయితే పై నుంచి తగ్గుతూ అదే 1ని సమీపిస్తుంది.

సున్నాఒకటి
"కలుసుకోలేవు" అని ఎలా అంటాం? ఎప్పుడూ నిజమేనా?

పాతపలక
మంచి ప్రశ్న, ఎప్పుడూ నిజం కాదు. వై′ = 3 వై^(2/3), వై(0) = 0 తీసుకోండి. వై = 0 ఒక సాధన. వై = ఎక్స్³ ఇంకొకటి, అవకలనం చేసి సరిచూసుకోండి. ఇంకా ఉన్నాయి: ఏదో ఒక ధన సంఖ్య దాకా సున్నాగా ఉండి అక్కడి నుంచి ఘనం లాగా లేచే ప్రమేయాలన్నీ సాధనలే. ఒకే నియమానికి అనంతమైన సాధనలు!

కుడివైపు ప్రమేయం అవిచ్ఛిన్నమైతే ప్రారంభ బిందువు పరిసరంలో సాధన ఉంటుందని పియానో 1890లో సరైన నిరూపణ ఇచ్చాడు. కానీ ఒక్కటే ఉంటుందని ఆ సిద్ధాంతం చెప్పదు. ఒక్కటే ఉండాలంటే వై మారినప్పుడు కుడివైపు మరీ వేగంగా మారకూడదు. పికార్డ్, లిండెలోఫ్ పేర్లతో ఉన్న సిద్ధాంతం చెప్పేది అదే. వై దృష్ట్యా కుడివైపు అవకలజం అవిచ్ఛిన్నమైతే చాలు. వై(1 − వై)కి అది 1 − 2వై, ఎక్కడా ఇబ్బంది లేదు. 3 వై^(2/3)కి అది 2 వై^(−1/3), సున్నా దగ్గర అపరిమితం. అందుకే అక్కడ దారులు చీలాయి. ప్రవేశ పరీక్షలో ఈ సిద్ధాంతం పేరు అడగకపోవచ్చు గానీ, "ఎన్ని సాధనలు ఉన్నాయి" అనే ప్రశ్న వెనక ఉండేది ఇదే.

వేగుచుక్క
సమయం తక్కువగా ఉన్నప్పుడు నేను వాడే దారి ఒకటి చెబుతాను. వై′ = ఎక్స్ + వై, వై(0) = 1, వై(1) కావాలి. ఆప్షన్లు: ఇ, ఇ − 1, 2ఇ − 3, 2ఇ − 2.

సమీకరణం నుంచే వై′(0) = 1. మళ్లీ అవకలనం చేస్తే వై″ = 1 + వై′, కాబట్టి వై″(0) = 2. ఆపై అవకలజాలన్నీ ధనాత్మకమే. అందుకని ధన ఎక్స్‌కు వై > 1 + ఎక్స్ + ఎక్స్². వై(1) > 3. 2ఇ − 2 సుమారు 3.44. మిగతావన్నీ 3 కంటే తక్కువ. అయిపోయింది.

ఆకుపచ్చసిరా
ఇది చాలా నచ్చింది. కానీ ఇలా అలవాటైతే అసలు పద్ధతి మరచిపోమా?

వేగుచుక్క
అసలు పద్ధతితో చేసినప్పుడు కూడా ఇది సరిచూసుకోవడానికి ఉపయోగపడుతుంది. సాధన వై = 2ఇ^ఎక్స్ − ఎక్స్ − 1. 0 దగ్గర విలువ 1, వాలు 1. రెండూ సరిపోయాయి. విలువ సరిపోయి వాలు సరిపోకపోతే సమాకలనంలోనే తప్పు ఉందని తెలిసిపోతుంది. అంకెను నేరుగా నింపమనే ప్రశ్నల్లో ఆప్షన్లు ఉండవు కాబట్టి అసలు పద్ధతిని వదిలే ప్రశ్నే లేదు.

కొత్తచిగురు
ఈ ఒక్కటి ఎంత ప్రయత్నించినా వేరు కావడం లేదు: వై′ = వై/(ఎక్స్ + వై³), వై(1) = 1, వై(5) = ?

వాలురేఖ
తిరగేయండి. వైని స్వతంత్ర చలరాశిగా తీసుకుంటే డీఎక్స్/డీవై = ఎక్స్/వై + వై². ఇది ఎక్స్‌లో రేఖీయం. సమాకలన గుణకం 1/వై. ఎక్స్/వై = వై²/2 + సి, నియమం వల్ల సి = 1/2. అంటే 2ఎక్స్ = వై³ + వై. ఎక్స్ = 5కు వై³ + వై = 10, వై = 2. వై³ + వై ఎప్పుడూ పెరిగే ప్రమేయం కాబట్టి వేరే మూలం గురించి బెంగ అక్కర్లేదు.

ఆకుపచ్చసిరా
న్యూటన్ శీతలీకరణ లెక్కల్లో రెండు నియమాలు ఇస్తారు కదా. పరిసరాల ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, వస్తువు 110 నుంచి 10 నిమిషాల్లో 70కి వచ్చింది, ఇంకో 20 నిమిషాల తర్వాత ఎంత అని. కె (చల్లబడే వేగాన్ని నిర్ణయించే స్థిరరాశి) కనుక్కోవడానికి లాగ్ విలువలు కావాలి, అవి గుర్తుండవు.

మెట్లదారి
కె అక్కర్లేదు. పరిసరాలతో ఉన్న తేడాను చూడండి: 80 నుంచి 40 అయింది. ఘాతీయ ప్రమేయం కాబట్టి ప్రతి 10 నిమిషాలకూ తేడా సగమవుతుంది. ఇంకో 20 నిమిషాలకు 10. జవాబు 40 డిగ్రీలు. మొదటి నియమం సి కోసం, రెండోది కె కోసం అని తెలిస్తే చాలు, వాటిని విడిగా లెక్కించాల్సిన పని లేదు.

పాతపలక
ప్రయత్నించడానికి ఒకటి ఇస్తున్నాను. వై″ = 2 వై వై′, వై(0) = 0, వై′(0) = 1. వై కనుక్కోండి, అది ఉండే అతిపెద్ద అంతరం కూడా చెప్పండి. ఒకే సూచన: మొదటి స్థిరరాశిని రెండో సమాకలనం దాకా మోసుకెళ్లకండి.

కొత్తచిగురు
కుడివైపు వై² అవకలజమే. కాబట్టి వై′ = వై² + సి. రెండు నియమాలూ ఇక్కడే పెడితే 1 = 0 + సి, సి = 1. ఇప్పుడు వై′ = 1 + వై². 0 నుంచి వై వరకు, 0 నుంచి ఎక్స్ వరకు సమాకలనం చేస్తే టాన్ విలోమం (వై) = ఎక్స్. వై = టాన్ ఎక్స్. అంతరం (−π/2, π/2), ఎందుకంటే రెండు చివర్లలోనూ వై అపరిమితం అవుతుంది.

సి = 1 అని ముందే పెట్టకపోతే 1/(వై² + సి) సమాకలనంలో సి ధనమా, రుణమా, సున్నానా అని మూడు విడి లెక్కలు చేయాల్సి వచ్చేది.

పాతపలక
సరిగ్గా చేశారు. ఇప్పుడు వై(π) = 0, వై′(π) = 1 అని మార్చి అంతరం చెప్పండి.

సున్నాఒకటి
వై = టాన్(ఎక్స్ − π), అంటే సూత్రం మళ్లీ టాన్ ఎక్స్. అంతరం మాత్రం (π/2, 3π/2).